అరువు ఆకాశం వద్దు

అమ్మాయీ,

డిసెంబరు నెలలో నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రం మీద, నువ్వు పంపిన ఫొటోలోలాంటి ఆకాశం ఉండదు. "ఆ రాత్రి నేను చూసిన ఆకాశం ఇది" అని ఫొటోతో పంపిన నీ వ్యాసం మొదట్లోనే రాశావు. ఆ వాక్యం చదివాక కోపం వచ్చింది. ఒడ్డుకు లాగిన పడవనూ దాని అంచున ఆరేసిన వలనూ వర్ణించిన తీరు బాగుంది. కానీ నాతో ఉత్తరం రాయిస్తున్నది మాత్రం ఆ మొదటి వాక్యమే.

నీ ఫొటోలో పడవ మీద నిటారుగా వెలుగుతున్నది పాలపుంత నడిమి భాగం. అది ధనుస్సు, వృశ్చికం ఉన్న వైపు కనిపిస్తుంది. నువ్వు మైపాడు వెళ్లింది ధనుర్మాసంలో అని నువ్వే రాశావు. ఆ నెలలో సూర్యుడు ధనూరాశిలో, మూలా నక్షత్రం దగ్గర ఉంటాడు. అంటే పాలపుంత నడిమి భాగం పొద్దుతోపాటే లేచి పొద్దుతోపాటే కుంకుతుంది. దాన్ని రాత్రిపూట ఎవరూ చూడలేరు.

ఇక దిక్కు సంగతి. మైపాడులో సముద్రం తూర్పున ఉంది. మనం భూమధ్యరేఖకు ఉత్తరంగా 14 డిగ్రీల దగ్గర ఉన్నాం కాబట్టి, పాలపుంత నడిమి భాగం ఆగ్నేయంలో లేచే వేళకు పట్టీ మొత్తం దిగంతం వెంబడి పడుకుని ఉంటుంది. అది నిటారుగా నిలిచేది సెప్టెంబరు నెల రాత్రి తొలి జాములో, దక్షిణానికి కాస్త పడమరగా. అప్పుడు జ్యేష్ఠ, ఆ ఎర్రచుక్క, పాలపుంతకు కుడివైపున ఉండాలి. నీ ఫొటోలో ఎడమవైపున ఉంది. ఎవరో ఎక్కడో తీసిన ఆకాశాన్ని తెచ్చి, పడవ కొయ్యకు అడ్డం రాకుండా అద్దంలో బొమ్మలా తిప్పి అతికించావు.

అతికించడాన్ని నేను తప్పుపట్టడం లేదు. రాత్రి దృశ్యాన్ని ఒకే ఫ్రేములో పట్టడం చాలా కష్టం. నేలకు కావలసిన వెలుగు వేరు, చుక్కలకు కావలసిన సమయం వేరు. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఫొటోగ్రాఫర్ 1850లలోనే సముద్రానికి ఒక నెగెటివు, మబ్బులకు ఇంకొకటి వాడి ముద్రించాడు. ఆనాటి ఫలకాలు నీలి వెలుగుకు మరీ త్వరగా స్పందించేవి కాబట్టి, సముద్రం సరిగా వస్తే ఆకాశం తెల్లబోయేది. ఆయన ఒకే మబ్బులను వేరువేరు సముద్రాల మీద వాడాడు. ఆ పని నాకు నచ్చదు, అయినా మబ్బుకు చిరునామా ఉండదు కాబట్టి ఊరుకుంటాను. నక్షత్రానికి చిరునామా ఉంది. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ గంటకు, ఏ దిక్కున ఉంటుందో లెక్క కట్టి చెప్పవచ్చు. ఏ రోజు ఆకాశాన్నైనా తెర మీద చూపించే స్టెలేరియం అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో మైపాడు పెట్టి తేదీ వేసి చూస్తే చిన్నపిల్లలైనా నీ ఫొటోను పట్టేస్తారు.

నా పట్టుదల ఒక్కటే. ఎన్ని ఫ్రేములైనా కలుపు, అన్నీ ఒకే చోటు నుంచి, ఒకే దిక్కుకు, ఒకే రాత్రి తీసినవై ఉండాలి. ట్రైపాడ్ కదలకూడదు.

నువ్వడిగిన వాటిలో, ఫొటోలో నేలనూ ఆకాశాన్నీ విడదీసే మాస్క్ అంచుల సంగతి ముందు చెబుతాను. దానికి నేను వాడే పద్ధతి ఫిల్ము రోజుల్లో మొదలైంది. ఉదయగిరి దుర్గం మీద రాత్రంతా కూర్చుని తీసిన రీలును ఊళ్లో ఒక ల్యాబులో ఇచ్చాను. చీకటి ఫ్రేము నెగెటివు మీద ఏమీ లేనట్టే కనిపిస్తుంది. ఎక్కడ ఒకటి ముగిసి ఎక్కడ ఇంకొకటి మొదలైందో తెలియక, అక్కడి కుర్రాడు ఫ్రేముల నడిమధ్యకు కత్తిరించాడు. కోట గోడ ఒక ముక్కలో, దాని మీది చుక్కలు ఇంకో ముక్కలో నా చేతికొచ్చాయి. అప్పటి నుంచి రీలులో మొదటి ఫ్రేము వెలుగుండగానే తీసేవాణ్ణి, కత్తిరించేవాడికి గుర్తుగా. డిజిటల్ వచ్చాక ఆ సందె ఫ్రేమే నాకు అన్నిటికంటే విలువైనదైంది. పొద్దు కుంకిన అరగంటకు ఆకాశం ఇంకా నీలంగా వెలుగుతుంటుంది, పడవ, తాళ్లు, తాటిమట్టలు నల్లగా తేలతాయి. మాస్క్‌ను ఆ ఫ్రేము నుంచే తయారుచెయ్యి. నలుపు, వెలుగు స్పష్టంగా విడిపోతాయి కాబట్టి ఒక్కొక్క మట్టా చెక్కుచెదరకుండా వస్తుంది. ట్రైపాడ్ కదలలేదు కాబట్టి అర్ధరాత్రి తీసిన చుక్కల మీద కూడా అదే మాస్క్ అచ్చంగా కూర్చుంటుంది. అంచును ఒకటి రెండు పిక్సెళ్లు మెత్తబరిస్తే చాలు.

చుక్కలు గీతలుగా సాగకుండా రావాలంటే, 20 ఎంఎం లెన్సైతే 500ను 20తో భాగించి 25 సెకన్ల దాకా షట్టరు తెరిచి ఉంచవచ్చంటారు. నేను 15 దాటను. ఒక్క ఫ్రేములో గరుకు (నాయిస్) ఎక్కువగా ఉంటుంది, 16 ఫ్రేములు వరసగా తీసి, చుక్కల ఫ్రేములను కలిపే సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పేర్చితే అది నాలుగో వంతుకు తగ్గుతుంది. నీటి గీత దాకా చుక్కలు నింపకు. మన తీరంలో తేమకు దిగంతం దగ్గర చుక్కలు మసకబారి ఆరిపోతాయి.

2020లో ఫొటోషాప్‌లో ఆకాశాన్ని ఒక్క నొక్కుతో మార్చే సదుపాయం వచ్చాక ఎక్కడ చూసినా అదే ఊదారంగు ఆకాశం. అంతకు ముందు మాత్రం పత్రికలవాళ్లు ఏమంత మెరుగు? ఉదయగిరి ఫొటో ఒకటి ఒక వారపత్రికకు పంపాను. చుక్కలు తక్కువగా ఉన్నాయని, రంగు చాలలేదని తిప్పి పంపారు. కొన్నాళ్లకు వాళ్లే ముఖచిత్రంగా అదే కోటను వేశారు, బురుజుల నెత్తిన పెద్ద మెగెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీతో. ఉదయగిరి నుంచి చూస్తే ఆ మేఘం దిగంతం పైకి ఆరు డిగ్రీలు కూడా లేవదు. సంపాదకుడికి ఉత్తరం రాస్తే, పాఠకులు అంత లోతుగా చూడరని జవాబు వచ్చింది. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. నీలాంటివాళ్లకు అరువు ఆకాశం అలవాటైంది వాళ్ల వల్లే.

నీ ఫొటోను పెద్దది చేసి చూస్తే, పడవ కొయ్యకూ దానికి కట్టిన తాడుకూ మధ్య చిక్కుకున్న ఒక చిన్న మూల కనిపించింది. మాస్క్ అక్కడిదాకా పోలేదు. చుట్టూ ఊదారంగు, ఆ మూలలో మాత్రం మసక నారింజ. అది దక్షిణాన కృష్ణపట్నం దీపాల వెలుగు. దాని మధ్యలో ఒక చుక్క కూడా ఉంది. నువ్వు నిజంగా చూసిన ఆకాశంలో మిగిలింది అంతే, తక్కినదంతా తుడిచేశావు.

ఏమి తుడిచేశావో తెలుసా? డిసెంబరు రాత్రి ఆ నీళ్ల మీదుగానే మృగశిర, ఆర్ద్ర లేస్తాయి. వాటి వెనుక మృగవ్యాధుడు, ఆకాశంలోకెల్లా ప్రకాశమైన నక్షత్రం. అర్ధరాత్రి దాటాక దక్షిణాన దాదాపు 23 డిగ్రీల ఎత్తుకు అగస్త్యుడు వస్తాడు. ఉత్తరాది దేశాల్లో ఎందరికో ఆ చుక్క కనబడనే కనబడదు. నీకు కనబడింది, నువ్వు తీశావు కూడా.

ఆ రాత్రి ఫ్రేములు ఇంకా ఉంటే వాటితోనే మళ్లీ చెయ్యి, నారింజ వెలుగును ఉండనివ్వు. పాలపుంతే కావాలంటే ఉగాది ముందరి అమావాస్యకు వెళ్లు. అర్ధరాత్రి దాటాక అది ఆగ్నేయంలో లేస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికి చక్కగా పైకొస్తుంది. ఒంటరిగా వెళ్లకు, పల్లెకారులకు ముందే చెప్పి ఉంచు. ఉప్పుగాలికి లెన్సు మీద పొర కడుతుంది, మెత్తని గుడ్డ దగ్గర పెట్టుకో. ఫొటో కింద ఎన్ని ఫ్రేములు, ఏ గంటకు, ఏ దిక్కున తీశావో రాయి. వ్యాసంలో ఆ మొదటి వాక్యం కొట్టేసి, రెండూ నాకు మళ్లీ పంపు.

ఆశీస్సులతో.