కింద నుంచి ‘కటకట’... చవక పార్ట్ వేయాలా, ఖరీదైనదా?

ఈసారి ఉత్తరాలన్నీ కారు కింద నుంచే వచ్చాయి. కాబట్టి ఇంజిన్, ఏసీ గురించి అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఆగాలి.

ప్రశ్న: మా కారుకు పదేళ్లు నిండాయి, 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. గతుకుల్లో ముందువైపు నుంచి కటకటమని చప్పుడొస్తోంది. షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్‌లు, లింక్ రాడ్‌లు, స్ట్రట్ మౌంట్‌లు అన్నీ మార్చాలని మెకానిక్ చెప్పాడు. పేరున్న బ్రాండ్ షాకులు రెండింటికి అయ్యే డబ్బుతో, పేరు తెలియని బ్రాండ్‌లో సెట్టు మొత్తం వచ్చేస్తోంది. ఇంకో రెండేళ్లు వాడి అమ్మేద్దామనుకుంటున్నాను. చవకది వేయిస్తే కొంప మునుగుతుందా?

జవాబు: కొన్నిటికి చవకవి వేయించుకోండి, కానీ సెట్టు మాత్రం కొనకండి. ఆ సెట్టులో కొన్ని మీకు హాయిగా పనికొస్తాయి. ఒకటి రెండు ప్రాణం మీదికి తెస్తాయి. ఏది ఏదో మీకు తెలియకుండా అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతారు, అదే నాకు నచ్చదు.

ముందు ఆ జాబితా నిజమో కాదో తేల్చుకోండి. నెమ్మదిగా వెళ్తూ చిన్న చిన్న గతుకులు దాటుతున్నప్పుడు కటకటమంటే నా తొలి అనుమానం లింక్ రాడ్ మీదే, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు భాగాలకు కలిపే చిన్న కడ్డీ మీదే. కారు నేల మీద నిలిచి ఉండగానే ఒకరు బాడీని పక్కలకు ఊపాలి, ఇంకొకరు లింక్ రాడ్ జాయింట్ మీద వేలు ఆనించి ఉంచాలి. వదులై ఆట ఉంటే వేలికి తెలిసిపోతుంది. నిలిచిన చోటే స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు దగ్గర ‘టంగ్’మని వినిపిస్తే, షాక్ పై కొసను బాడీకి పట్టించే స్ట్రట్ మౌంట్ బేరింగ్‌ని చూడమనండి. స్ప్రింగు ఊగిసలాటను అణిచే షాక్ పోయినప్పుడు చప్పుడు కంటే ముందు బండి నడక మారుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగాక కుదురుకోకుండా ఊగుతూనే ఉంటుంది, టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడినట్టు అరుగుతుంది. షాక్ మీద పల్చటి చెమ్మ కనబడగానే పోయిందని తీర్పు చెప్పేసేవాళ్లున్నారు. చెమ్మ వేరు, కారడం వేరు. నూనె కిందిదాకా దిగి, దుమ్ము పట్టి ముద్దకట్టి ఉంటే మార్చాల్సిందే. ‘అన్నీ మార్చాలి’ అన్న మెకానిక్‌ని ‘ఏదీ, ఓసారి చూపించండి’ అని అడగడానికి మొహమాటపడకండి. పని తెలిసినవాడైతే సంతోషంగా చూపిస్తాడు.

ఇక డబ్బు సంగతి. నేను పార్ట్ కొనేముందు రెండు చూస్తాను. ఇది తెగితే ఏమవుతుంది? మళ్లీ విప్పాలంటే ఎంత పని? బ్రాండు సంగతి ఆ తర్వాతే.

బాల్ జాయింట్ (చక్రాన్ని కారు ఫ్రేముకు కలిపే లోయర్ ఆర్మ్ చివర ఉండే గుండు కీలు), టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కీలు) దగ్గర బేరాలొద్దు. బాల్ జాయింట్ ఊడిందంటే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా బండి మీ మాట వినదు. దుకాణంలో చవకదీ, ఖరీదైనదీ పక్కపక్కన పెట్టి తిప్పి చూస్తే రెండూ బిగుతుగానే ఉంటాయి, కొత్తవి కదా. చూడాల్సింది రబ్బరు బూటు. వేళ్లతో నొక్కండి. మంచిదైతే మెత్తగా అణిగి వెంటనే లేస్తుంది, పైనా కిందా అంచులు రింగు కింద చుట్టూ సమంగా కూర్చుని ఉంటాయి. నాసిరకమైతే రబ్బరు గట్టిగా మొండికేస్తుంది, రింగు ఓపక్కకు జారి ఉంటుంది. ఆ సందులోంచి నీళ్లు, దుమ్ము పోయాయంటే గ్రీజు పాడై, ఆ దుమ్మే ఆకురాయిలా లోపలి గుండును అరగదీస్తుంది. చాలా కార్లలో బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తోనే కలిసి వస్తుంది కాబట్టి ఆర్మ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇంకో మాట: కొన్ని కార్ల లోయర్ ఆర్మ్‌లో వెనక బుష్ (ఆర్మ్ ఫ్రేముకు తగిలేచోట కుదుపు మింగే రబ్బరు ముక్క) లోపల ద్రవం నింపి ఉంటుంది. చవక ఆర్మ్‌లలో దాని బదులు మామూలు రబ్బరు పెట్టేయడం కద్దు. బోల్టు సరిగ్గానే పడుతుంది, కానీ బ్రేకు వేసినప్పుడు వణుకు స్టీరింగ్ దాకా రావచ్చు. మీ కారుకు ఏ రకం బుష్ ఉందో కొనేముందే కనుక్కోండి.

షాకుల విషయంలో మధ్యేమార్గం చాలు. రెండేళ్లలో అమ్మే బండికి పేరున్న కంపెనీల మామూలు రకం, అంటే కేవైబీలో ఎక్సెల్-జీ లాంటిది సరిపోతుంది. అంతకంటే కిందికి మాత్రం పోకండి. షాక్ లోపల నూనె వాల్వులగుండా ఎంత కష్టంగా పారాలన్నది కారు బరువును, స్ప్రింగును చూసి కుదురుస్తారు. పేరులేని షాకుల్లో ఆ శ్రద్ధ తక్కువ. పైగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ (షాక్, స్ప్రింగు ఒకే గుత్తిగా ఉండే అమరిక) మార్చాలంటే స్ప్రింగును కంప్రెసర్‌తో నొక్కి విప్పాలి, తర్వాత చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించాలి. ఏడాదిలో మళ్లీ అదే పని చేయిస్తే మిగుల్చుకున్నదంతా కూలికే పోతుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి మౌంట్, బంప్ స్టాప్ (షాక్ అడుగంటకుండా ఆపే దిమ్మ), డస్ట్ కవర్ అప్పుడే కొత్తవి వేయించండి.

లింక్ రాడ్‌లు చవకవే కొనండి. రెండు నట్లు విప్పితే ఊడి వస్తాయి, అలైన్‌మెంట్‌తో పని లేదు. త్వరగా అరిగిపోయినా ఆ కటకటే మళ్లీ మొదలవుతుంది, అంతే.

ప్రశ్న: కొనేదేదో అన్నిటికంటే ఖరీదైనదే కొనమంటూ మా బావమరిది బిల్‌స్టైన్ బి8 షాకులు వేయించమంటున్నాడు. స్ప్రింగులు మాత్రం కారుతో వచ్చినవే. పర్లేదా?

జవాబు: మీ బావమరిది గారికి మీ మీద ప్రేమ ఎక్కువే గానీ, బి8 మీ బండికి కాదు. కారును కిందికి దించడానికి పొట్టి స్ప్రింగులు వేసుకున్నవాళ్ల కోసం చేసిన షాక్ అది, అందుకే పొడవు తక్కువ. మామూలు స్ప్రింగుల మీద వేస్తే చక్రం కిందికి దిగాల్సినంత దిగదు, గుంతలో పడినప్పుడల్లా పైన ‘టక్’మని ఆగుతుంది. అదే కంపెనీలో కారుతో వచ్చినదాని తీరు కావాలంటే బి4, స్ప్రింగులు మార్చకుండా ఇంకాస్త బిగువు కావాలంటే బి6. కేవైబీలోనూ అంతే, ఎక్సెల్-జీ మామూలు వాడకానికి, గ్యాస్-ఎ-జస్ట్ దానికంటే గట్టిది. ఖరీదు పెరిగితే మెత్తదనం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. తరచు జరిగేది దానికి ఉల్టా! వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టే బండికి బి6 కూడా నేను చెప్పను.

ప్రశ్న: పోయినసారి డబ్బుకు వెనకాడకుండా మంచి బ్రాండ్ బుష్‌లు వేయించాను. కొన్ని నెలలకే చీలిపోయాయి. డూప్లికేట్ అంటగట్టారంటారా?

జవాబు: కావచ్చు. కానీ నేనైతే ముందు బిగించిన పద్ధతిని అనుమానిస్తాను.

లోయర్ ఆర్మ్ బుష్‌లో మధ్యన ఇనప గొట్టం, చుట్టూ రబ్బరు, ఆ రెండూ గట్టిగా అతికి ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కారు ఫ్రేముకు పట్టుకుపోతుంది, ఇక ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా మెలి తిరిగేది రబ్బరే. కారు లిఫ్ట్ మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు బిగించేశారనుకోండి. బండి దించగానే రబ్బరు మెలిపడిపోతుంది. ఇంటి ముందు ఊరికే నిలిపి ఉంచినా అలా మెలిపడే ఉంటుంది. ఎంత ఖరీదైన బుష్ అయినా దాన్ని ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? పద్ధతి ఏమిటంటే, బోల్టులు చేత్తో పట్టించి వదిలేసి, బరువు చక్రాల మీద పడ్డాక, లేదా జాక్‌తో ఆర్మ్‌ను మామూలు ఎత్తుకు లేపాక చివరి బిగింపు వేయాలి. అయిదు నిమిషాల పని. తొందరలో దీన్నే ఎగ్గొడతారు.

షాకులకూ ఇలాంటి గండం ఒకటుంది. పై నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరగకుండా ప్లయర్‌తో పట్టుకుంటారు. నున్నటి క్రోమ్ మీద గీత పడుతుంది, ఆ గీత సీలును కోస్తుంది, నూనె కారుతుంది. చివరికి తిట్లు తినేది బ్రాండు. ఈసారి బుష్‌లు వేస్తున్నప్పుడు దగ్గర నిలబడి ‘బండి దించాక బిగించండి’ అని ఒక్క మాట చెప్పండి.

ప్రశ్న: లెమ్‌ఫోర్డర్ పెట్టెలో వచ్చిన ఆర్మ్ మీద ఒకచోట గ్రైండర్‌తో ఏదో చెరిపేసినట్టుంది. టెన్షన్‌గా ఉంది, వాపసు ఇచ్చేయాలా?

జవాబు: ఆ ఒక్క గుర్తు చూసి ఇవ్వక్కర్లేదు. లెమ్‌ఫోర్డర్ జెడ్‌ఎఫ్ గ్రూపుది, కార్ల కంపెనీలకే పార్ట్‌లు చేసి ఇస్తుంది. అదే పార్ట్‌ను సొంత పెట్టెలో అమ్మేటప్పుడు కార్ కంపెనీ లోగో ఉంచకూడదు కాబట్టి ఆ చోటు చెరిపేస్తారు. మీరు కంపెనీ పార్ట్‌నే తక్కువ ధరకు కొనుక్కున్నట్టు. అయితే ఈ సంగతి నకిలీలు చేసేవాళ్లకూ తెలుసు, వాళ్లూ గ్రైండర్ పెడతారు. అందుకని పెట్టె మీది పార్ట్ నంబరును కంపెనీ కేటలాగ్‌లో మీ కారు మోడల్‌తో సరిచూడండి, పోత అంచులు, అచ్చు అక్షరాలు శుభ్రంగా ఉన్నాయో చూడండి, బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే మాత్రం వాపసే.

ప్రశ్న: కుడివైపు వెనక షాక్ ఒక్కటే కారుతోంది. ఒక్కటి మారిస్తే చాలదా?

జవాబు: చాలదు. వెనకవి రెండూ మార్చండి. ముందువి బాగుంటే వాటి జోలికి పోకండి, ఎవరు చెప్పినా సరే.