మైళ్లు వాడేయాలా, దాచుకోవాలా?

ప్రశ్న: నా ఫ్రీక్వెంట్ ఫ్లయర్ ఖాతాలో 50 వేల మైళ్లు (విమాన సంస్థ ప్రయాణికులకిచ్చే రివార్డు పాయింట్లు) ఉన్నాయి. హైదరాబాద్–ఢిల్లీ టికెట్లకు వాడేయమంటారా, అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లడానికి దాచుకోమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు మైలు విలువ లెక్కగట్టండి. అదే విమానం మామూలు టికెట్ ధరలోంచి, అవార్డు టికెట్‌పై (అంటే మైళ్లిచ్చి తీసుకునే టికెట్‌పై) మీరు కట్టాల్సిన పన్నులూ సర్‌ఛార్జీలూ తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించండి. ఉదాహరణకు టికెట్ రూ.7,000, పన్నులు రూ.1,000, అడిగే మైళ్లు 10,000 అనుకుందాం. మైలుకు 60 పైసలు. ఆఫర్‌లో అదే టికెట్ రూ.4,500కి వస్తే 35 పైసలే. అప్పుడు డబ్బిచ్చి కొనుక్కుని, మైళ్లు ఉంచుకోండి.

అమెరికాకైతే అసలు తిరకాసు ఇంధన సర్‌ఛార్జీ. కొన్ని సంస్థలు ‘ఉచిత’ టికెట్‌పైనా దాన్ని వేలల్లో వసూలు చేస్తాయి. అమెరికా విమాన సంస్థ యునైటెడ్ వారి మైళ్ల పథకం మైలేజ్‌ప్లస్ మాత్రం లుఫ్తాన్సా లాంటి భాగస్వామి విమానాల్లోనూ వేయదు. అందుకే ఒకే సీటును రెండు మూడు పథకాల్లో పోల్చి చూడాలి. అవార్డు సీట్లు తక్కువ. దాదాపు 11 నెలల ముందు నుంచే వెతకండి. బిజినెస్ క్లాసులో మైలు విలువ ఘనంగానే కనిపిస్తుంది కానీ, మీరెన్నడూ కొనని మూడు లక్షల టికెట్‌తో పోల్చుకుంటే అది కాగితం లాభమే.

క్రెడిట్ కార్డు పాయింట్లను మాత్రం సీటు కళ్లబడ్డాకే మైళ్లుగా మార్చండి. ఒకసారి మారితే సాధారణంగా వెనక్కి రావు.