పండుగ మర్నాడు వదిలేశారు

ప్రశ్న: మాది నల్లగొండ. వయసు 41, బరువు 82 కిలోలు. షుగర్ మాత్రలు వాడుతున్నాను. రాత్రి భోజనం మానేసి నెలలో 5 కిలోలు తగ్గాను. సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులతో కూర్చుని పులిహోర, మలీద ముద్దలు కడుపునిండా తిన్నాను. మర్నాడు చూస్తే కిలోన్నర పెరిగింది. విసుగొచ్చి అన్నీ వదిలేశాను. నీకు నోరు కట్టుకోవడం రాదని మావారు అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు ఆ కిలోన్నర సంగతి చూద్దాం. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికి మించి మొత్తం దాదాపు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పూట సద్దులతో అది అయ్యే పని కాదు. అన్నం, బెల్లం ఎక్కువైనప్పుడు శరీరం ఆ పిండిపదార్థాన్ని నీటితో కలిపి దాచుకుంటుంది. ఉప్పు కూడా నీటిని పట్టి ఉంచుతుంది. మీరు చూసిన బరువులో చాలావరకు ఆ నీరే. నాలుగు రోజులు మామూలుగా తిని ఉంటే దిగిపోయేది.

నోరు కట్టుకోవడం రాదన్న మాట నేను ఒప్పుకోను. నెల రోజులు ఖాళీ కడుపుతో పడుకున్న మనిషిని అలా అనడం అన్యాయం. పద్ధతే కఠినమైంది, ప్రమాదకరం కూడా. కొన్ని షుగర్ మందులు వేసుకుని భోజనం మానేస్తే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. ఆలస్యం చేయకుండా మీ డాక్టరుకు చెప్పండి.

రాత్రికి ఒకటో రెండో జొన్న రొట్టెలు, పక్కన నిండుగా ఆకుకూర పప్పు తినండి. రొట్టె నమలడానికి సమయం పడుతుంది కాబట్టి కొంచెంతోనే తృప్తి కలుగుతుంది. జొన్న మంచిదని నాలుగు తింటే మాత్రం అన్నం తిన్నట్టే. మధ్యాహ్నం అన్నం గిన్నె ముందు పెట్టుకోకండి. ఒకసారి వడ్డించుకుని గిన్నె వంటింట్లో పెట్టి రండి. మారు వడ్డన కోసం లేవాలంటే, ఆకలి నిజమో కాదో అప్పుడే తెలిసిపోతుంది. బరువు వారానికోసారి, పొద్దున పరగడుపున చూసుకోండి. వారానికి అరకిలో తగ్గినా చాలు. 82లో 4 కిలోలు తగ్గి నిలబడినా షుగర్ అదుపుకు మేలే.

తొమ్మిది రోజులు చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరిగారు కదా, అలసట తెలిసిందా? తోడు ఉంటే కాళ్లు వాటంతట అవే కదులుతాయి. ఈ జవాబు మీవారికి చూపించండి. రాత్రి తిన్నాక మీతో ఇరవై నిమిషాలు నడవమనండి. ఆదివారం పొద్దున ఇద్దరూ పానగల్ చెరువు కట్టకు వెళ్లి రండి.