చెన్నై–కువైట్: పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఏడుంబావా?

టికెట్‌లో వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదే, తికమక అక్కడే. విమానం మధ్యలో ఎక్కడా ఆగదు. కువైట్ మనకన్నా 2.30 గంటలు వెనక.

1. పోయేటప్పుడు 6.00–8.30. తేడాకి 2.30 కలపండి: 5 గంటలు.
2. వచ్చేటప్పుడు టికెట్‌లో కనిపించే 7.15 గంటల్లోంచి 2.30 తీసేయండి: 4.45. దూరం రెండు వైపులా దాదాపు 3,780 కి.మీ.లే, కానీ వచ్చేటప్పుడు పడమటి నుంచి వీచే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి రాక కాస్త తొందర.

అందరూ తప్పేది తారీకు దగ్గర. 12వ తేదీ 00.40 అంటే 11వ తేదీ అర్ధరాత్రి దాటాక అని. కడప నుంచి రోడ్డు 6 గంటలు, ఎయిర్‌పోర్టులో 3 గంటల ముందుండాలి. 11న మధ్యాహ్నం రెండుకే కారెక్కండి. 12 పొద్దున పెట్టె సర్దుకుంటే విమానం పోయినట్టే.

రాత్రి 11కి కువైట్‌లో ఎక్కితే దిగేది మరుసటి రోజు. టికెట్‌లో +1 ఉంటుంది, కారు డ్రైవరుకు ఆ తారీకే చెప్పండి.