పాపికొండల లాంచీ, స్పీడ్ బోటు, పెడల్ బోటు: వీటిలో ఏది ఎక్కువ రిస్కు?

చూడ్డానికి స్పీడ్ బోటే భయం పుట్టిస్తుంది కానీ, నన్నడిగితే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది నదిలో తిరిగే పెద్ద లాంచీ దగ్గరే, ఎందుకంటే అది తిరగబడితే ఒకేసారి పదుల మంది నీళ్లలో పడతారు, కింద మూసి ఉన్న గదిలో కూర్చున్నవాళ్లకైతే బయటికి దారే దొరకదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరులో, గోదావరి వరద మీదున్నప్పుడు, 70 మందికి పైగా ఎక్కిన బోటు మునిగిపోయింది. వరద లేకపోయినా, పై డెక్ కిక్కిరిసి ఫొటోల కోసం అందరూ ఒకే వైపుకి చేరితే లాంచీ ఒరుగుతుంది.

స్పీడ్ బోటులో మునగడం కన్నా దెబ్బలు ఎక్కువ: అల మీద ఎగిరి పడితే నడుము పట్టేస్తుంది, ముందు సీట్లో మరీను. పెడల్ బోటు చెరువులో తిరిగేదే, సీట్లు మారదామని లేచి నిలబడనంత వరకు టెన్షన్ లేదు. కయాక్ (ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి పడవ) తేలిగ్గా బోల్తా పడుతుంది, ఈత రాకపోతే ఒంటరిగా వద్దు.

ఏది ఎక్కినా లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ బిగించండి. ఊరికే భుజాన తగిలించుకుంటే నీళ్లలో పడగానే అది జారి ముఖం మీదికొస్తుంది, లేదా ఊడిపోతుంది. పిల్లలకు పెద్ద సైజు ఇస్తే తీసుకోకండి.