పోటీ కంపెనీలో చేరకూడదన్న క్లాజు ఉంటే ఉద్యోగం మారొచ్చా?

మీ ప్రశ్న ఇది: అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో "ఉద్యోగం మానేశాక 12 నెలల పాటు పోటీ సంస్థలో చేరరాదు" అని రాసి ఉంది, ఇప్పుడు అదే రంగంలోని మరో కంపెనీ ఆఫర్ ఇచ్చింది, చేరితే కోర్టుకు లాగుతారా? ఇదే క్లాజు ఉన్న ఉద్యోగం నుంచి నేనూ బయటికి వచ్చాను. కాబట్టి ముందే చెప్పేస్తున్నాను, మన దేశంలో అయితే చేరొచ్చు. కాకపోతే మీరు భయపడాల్సిన చోటు వేరే ఉంది.

భారత ఒప్పందాల చట్టం 1872 నాటిది. దాని సెక్షన్ 27 ప్రకారం ఒక మనిషిని న్యాయబద్ధమైన వృత్తి గానీ వ్యాపారం గానీ చేసుకోనివ్వని ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఆ సెక్షన్‌లో ఉన్న మినహాయింపు ఒక్కటే: వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (అంటే దానికున్న మంచిపేరు విలువతో) సహా అమ్మేసినవాళ్లకు కొన్ని హద్దుల్లో ఆంక్ష పెట్టొచ్చు. జీతానికి పనిచేసే మనకు అది వర్తించదు. ఒప్పందం ముగిశాక కూడా కట్టిపడేసే షరతు చెల్లదని 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. "ఏడాదేగా, సమంజసమైన గడువేగా" అని వాదించినా, ఉద్యోగం వదిలాక అమలయ్యే ఆంక్షల విషయంలో మన కోర్టులు దాన్ని సాధారణంగా పట్టించుకోవు.

అయితే ఉద్యోగంలో ఉన్నంతకాలం లెక్క వేరు. 1967లో గోలికరి కేసులో, అయిదేళ్లకు ఒప్పుకుని మధ్యలోనే పోటీ సంస్థకు వెళ్లిన ఉద్యోగిపై ఆంక్షను అదే సుప్రీంకోర్టు సమర్థించింది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నోటీస్ పీరియడ్ నడుస్తున్నంతసేపూ మీరు పాత కంపెనీ ఉద్యోగే. ఆఫీసుకు రావద్దని ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తున్నా సరే, ఉద్యోగే. ఆ రోజుల్లో కొత్త కంపెనీ మీటింగ్‌లో కూర్చోవడం, వాళ్ల క్లయింట్‌కు ఒక్క మెయిల్ పంపడం కూడా వద్దు.

ఇక నా సంగతి. రాజీనామా ఆమోదించాక హెచ్ఆర్ వాళ్లు ఒక ఎగ్జిట్ ఫారం పంపారు. ల్యాప్‌టాప్ అప్పగించాను, ఐడీ కార్డు ఇచ్చేశాను, అడ్వాన్సులేవీ బాకీ లేవు, ఇలాంటి మామూలు పాయింట్లే వరుసగా ఉన్నాయి. వాటి మధ్యలో ఒకటి మాత్రం "దిగువ పేర్కొన్న సంస్థలలో ఏడాది పాటు చేరనని, చేరినచో నష్టపరిహారం చెల్లించగలనని హామీ ఇస్తున్నాను" అని. కింద ఇచ్చిన పేర్లలో నేను చేరబోయే కంపెనీ కూడా ఉంది. ఆ పేర్ల జాబితా గానీ, పరిహారం మాట గానీ నా అసలు కాంట్రాక్టులో లేవు. మిగతా పాయింట్లన్నీ ఒప్పుకుంటున్నానని, ఇది మాత్రం కొత్త షరతు కాబట్టి సంతకం చేయనని మెయిల్ రాశాను. ఫోన్ చేసి "ఊరికే ఫార్మాలిటీ అండీ" అన్నారు. ఫార్మాలిటీయే అయితే ఆ లైను తీసేసి పంపమన్నాను. తీయలేదు, నేనూ సంతకం పెట్టలేదు.

దాంతో రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే కాగితం, ఆపేశారు. నిజానికి మన దగ్గర కంపెనీల చేతిలో ఉన్న అసలు ఆయుధం ఇదే. కోర్టులో నిలవని క్లాజును ఈ ఒక్క కాగితంతో అమలు చేయించుకుంటారు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయమిది, ఎందుకంటే కొత్తగా ఉద్యోగాల్లోకి వచ్చిన పిల్లలు ఇక్కడే లొంగిపోయి మంచి ఆఫర్లు వదులుకోవడం నా కళ్లారా చూశాను. నన్ను కాపాడింది రాతపూర్వకంగా ఉన్న ఆధారాలు: రాజీనామా ఆమోదిస్తూ చివరి పనిదినం రాసిన మెయిల్, నోటీస్ పీరియడ్ పూర్తిచేసిన రికార్డు, చివరి నెల పేస్లిప్. వీటితో పాటు ఆఫర్ ఒప్పుకోకముందే కొత్త కంపెనీకి ఆ క్లాజు ఫొటో తీసి పంపాను. అందుకే రిలీవింగ్ లెటర్ ఆలస్యమైనా వాళ్లు చేర్చుకున్నారు. తర్వాత పాత కంపెనీ నుంచి నాకూ, వాళ్లకూ లీగల్ నోటీసు వచ్చినప్పుడు కూడా కంగారుపడలేదు. మా లాయర్ ఒక్క పేజీ జవాబిచ్చారు: సెక్షన్ 27 ప్రకారం ఈ షరతు చెల్లదు, నా క్లయింట్ మీ సమాచారమేదీ తీసుకెళ్లలేదు అని. ఆ తర్వాత వాళ్ల నుంచి కేసు లేదు, రిలీవింగ్ లెటర్ మాత్రం వచ్చింది.

ఆ జవాబులోని రెండో వాక్యం నిజం కావడమే ముఖ్యం. రహస్య సమాచారం విషయంలో కోర్టులు మెత్తగా ఉండవు. క్లయింట్ల జాబితా, ధరల షీట్లు, సోర్స్ కోడ్, చివరికి మీరే కష్టపడి తయారుచేసిన ప్రజెంటేషన్ అయినా సరే, పర్సనల్ మెయిల్‌కు పంపుకోకండి. చివరి వారంలో జరిగిన డౌన్‌లోడ్‌లన్నీ లాగ్‌లో కనిపిస్తాయి. మీ బుర్రలో ఉన్న నైపుణ్యం మీది, ఫైళ్లు మాత్రం వాళ్లవి. పాత టీమ్‌లో వాళ్లను వెంట తీసుకెళ్లడం, పాత క్లయింట్లను పిలవడం కూడా కొన్నాళ్లు మానుకోండి. అలా తీసుకెళ్లకూడదు, పిలవకూడదు అనే క్లాజుల మీద తీర్పులు అన్నీ ఒకేలా లేవు.

బాండ్‌ను దీనితో కలిపి చూడకండి. ఇన్నేళ్లు పనిచేయాలి, లేదంటే ఇంత కట్టాలి అనేది వేరే విషయం. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్లకు ముందే మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు సెక్షన్ 27కు విరుద్ధం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ కాంట్రాక్టులో బాండ్ కూడా ఉంటే ఆ డబ్బు సంగతి ముందే తేల్చుకోండి.

మీది విదేశీ కంపెనీ అయితే కాంట్రాక్టు చివర్లో ఏ చట్టం వర్తిస్తుందని రాశారో చూడండి. కాలిఫోర్నియాలో పోటీ సంస్థలో చేరకూడదన్న క్లాజులు దాదాపు చెల్లవు, అమెరికాలో మిగతా చోట్ల రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 2024లో అక్కడి ఎఫ్‌టీసీ (వ్యాపార పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) దేశమంతా నిషేధిస్తూ నిబంధన తెచ్చినా, అమల్లోకి రాకముందే టెక్సస్ కోర్టు కొట్టేసింది. జర్మనీ పద్ధతి నాకు బాగా నచ్చింది: గరిష్ఠంగా రెండేళ్లు ఆపొచ్చు, కానీ ఆపినంతకాలం పాత జీతంలో కనీసం సగం చెల్లించాలి.

మీరు ఏ కంపెనీలో చేరుతున్నారని ఎగ్జిట్ ఇంటర్వ్యూలో అడుగుతారు. అది చెప్పాలని కాంట్రాక్టులో లేకపోతే చెప్పక్కర్లేదు. "ప్రస్తుతానికి చెప్పదలచుకోలేదండీ" అంటే చాలు, అబద్ధం మాత్రం ఆడకండి. లీగల్ నోటీసు గనక వస్తే పాత మేనేజర్‌కు ఫోన్ చేసి సంజాయిషీ ఇచ్చుకోవద్దు. దాన్ని, మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌ను తీసుకుని ఉద్యోగ కేసులు చూసే లాయర్ దగ్గరికి వెళ్లి, నోటీసులో ఇచ్చిన గడువులోపే జవాబు ఇప్పించండి.