సమాధానం: రెండు ముఖాల క్విక్‌సిల్వర్

మార్వెల్ సిరీస్ 'వాండావిజన్'లో వాండా కవల సోదరుడు పియెట్రో (మెరుపు వేగంతో పరుగెత్తే హీరో క్విక్‌సిల్వర్ ఇతనే) ముఖం మారిపోయిందేంటి, మధ్యలో ఏదైనా సినిమా మిస్సయ్యానా అని అడిగారు. మీరు ఏ సినిమా మిస్సవ్వలేదండీ. 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్' (2015)లో అవెంజర్స్ జట్టులోని హాక్‌ఐకి అడ్డుపడి తూటాలకు పోయిన పియెట్రోగా చేసింది ఆరన్ టేలర్-జాన్సన్. 'వాండావిజన్' 5వ ఎపిసోడ్ చివర్లో తలుపు తట్టింది ఇవాన్ పీటర్స్, ఫాక్స్ స్టూడియో వాళ్ల ఎక్స్‌మెన్ సినిమాల్లో క్విక్‌సిల్వర్‌గా చేసిన నటుడు.

చిక్కంతా సినిమా హక్కులది. ఈ పాత్ర ఇటు ఎక్స్‌మెన్ కథల్లోనూ అటు అవెంజర్స్ కథల్లోనూ ఉంది కాబట్టి మార్వెల్ స్టూడియోస్, ఫాక్స్ రెండూ వాడుకోగలిగాయి. కాకపోతే అప్పట్లో మార్వెల్ స్టూడియోస్ 'మ్యూటెంట్' (పుట్టుకతోనే శక్తులున్నవాడు) అనకూడదు, ఎక్స్‌మెన్ విలన్ మాగ్నెటో ఊసెత్తకూడదు; ఫాక్స్ అవెంజర్స్ పేరెత్తకూడదు. అందుకే అల్ట్రాన్‌లో వాండా, పియెట్రో కవలలకు శక్తులు హైడ్రా అనే దుష్ట సంస్థ ప్రయోగాల వల్ల వస్తాయి. మార్వెల్ స్టూడియోస్ యజమాని డిస్నీ ఫాక్స్‌ను కొన్నది 2019లో, దాంతో ఆ అడ్డు తొలగింది.

ముందు 'వింటర్ సోల్జర్' క్రెడిట్స్ మధ్య సీన్, తర్వాత అల్ట్రాన్ చూడండి. ఆపై 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్'లో పెంటగాన్ వంటగది సీన్: గాల్లో ఆగిన తూటాలను వేలితో పక్కకు నెడతాడు, పోతూపోతూ సూప్ రుచి కూడా చూస్తాడు. నా లెక్కలో ఇద్దరిలో పీటర్స్‌దే పైచేయి. ఇక మళ్లీ వాండావిజన్. మల్టీవర్స్ (వేరే లోకం నుంచి వచ్చిన పియెట్రో) అని ఆశపడకండి, 9వ ఎపిసోడ్‌లో అతను రాల్ఫ్ బోనర్ అనే మామూలు మనిషని తేలుతుంది.